రుషికొండ బస్సు ఎంత నూనె తాగుతుంది?

పిల్లలూ! మొన్న ఒక సాయంత్రం బడి విడిచిన తరువాత రుషికొండ బస్టాపులో నిలబడి ఉన్నాను. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండ. ఇంతలో పాత బస్సు ఒకటి వచ్చి ఆగింది. నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు. బస్సు కదులుతూ గుప్పున నల్లటి పొగ వదిలింది. నా పక్కనున్న పదో తరగతి కుర్రవాడు ముక్కు మూసుకొని ఇలా అన్నాడు:

“ఏటి మాస్టారూ! బస్సులో వెళ్తే గాలికి మేలని పాఠంలో చెప్పారు. ఇప్పుడు చూడండి, ఎంత పొగో! మా అన్నయ్య స్కూటరుకు పొగే కనిపించదు. రేపటినుంచి నన్ను స్కూటరు మీద బడి దగ్గర దింపుతానన్నాడు. అదే మంచిది కదండీ?”

ప్రశ్న చక్కనిది. కంటితో చూసి, చూసినదాన్ని పాఠంతో పోల్చి అడిగాడు. సైన్సు మొదలయ్యేది అక్కడే. అయితే చూసినంతమాత్రాన సరిపోదు, కొలవాలి కూడా. నేను ఎక్కవలసిన బస్సు వచ్చేలోగా మేమిద్దరం అతని నోటుపుస్తకం చివరి పేజీలో వేసిన లెక్కలే ఈ పాఠం. మీరూ కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

లీటరు నూనె, రెండున్నర కిలోల వాయువు

మామూలు బస్సు తాగేది డీజిల్ నూనె. విశాఖ ఓడరేవు పక్కన 1957లో పని మొదలుపెట్టిన నూనెశుద్ధి కర్మాగారం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడది హెచ్.పి.సి.ఎల్. వారిది. అక్కడ ముడి నూనెను కాచి వేరుచేసే పదార్థాల్లో డీజిల్ ఒకటి, పెట్రోలు ఒకటి.

ఒక లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది. ఇది కాలితే ఎంత బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, వస్తుంది? మీలో చాలామంది “830 గ్రాముల కంటే ఎక్కువ ఎలా వస్తుంది?” అంటారు. కాని వచ్చేది 2 కిలోల 600 గ్రాములు! అదనపు బరువు ఎక్కడిది?

డీజిల్‌లో నూటికి 86 పాళ్లు కర్బనం. అంటే 830 గ్రాముల్లో సుమారు 714 గ్రాములు. కాలేటప్పుడు ప్రతి 12 గ్రాముల కర్బనం గాలిలోంచి 32 గ్రాముల ప్రాణవాయువును పట్టుకొని 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. 714ను 44తో హెచ్చించి 12తో భాగించండి. 2,618 గ్రాములు వచ్చిందా? అదనపు బరువంతా మన చుట్టూ ఉన్న గాలిదే అన్నమాట. పెట్రోలుకు ఇలాగే లెక్కిస్తే లీటరుకు సుమారు 2 కిలోల 300 గ్రాములు వస్తుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. సూర్యుని వేడిమికి కాగిన భూమి తిరిగి పైకి పంపే వేడిని ఇది కొంత ఆపేస్తుంది. అందువల్లనే భూగోళం వేడెక్కుతోంది. కుర్రవాడి అన్నయ్య స్కూటరు వెనుక పొగ కనిపించకపోయినా ఈ వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. బస్సు వెనుక కంటికి కనిపించిన నల్లదనం వేరు. అది సరిగా కాలని కర్బనం, అనగా మసి. అది కూడా చెడ్డదే. దాని సంగతి ముందు ముందు చూద్దాం.

ఎవరి వాటా ఎంత?

నగరంలోని ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి రుషికొండకు సుమారు 12 కిలోమీటర్లు. ఏసీ లేని మామూలు బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. 12 కిలోమీటర్లకు 2 లీటర్ల 400 మిల్లీలీటర్లు కావాలి. స్కూటరు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే దానికి 240 మిల్లీలీటర్లు చాలు. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 800 మిల్లీలీటర్లు.

“చూశారా మాస్టారూ! బస్సుది స్కూటరుకు పది రెట్లు!” అన్నాడు కుర్రవాడు.

నిజమే. కాని బస్సు ఒక్కరిని మోయదు కదా! బస్సులో 40 మంది ఉంటే ఒక్కొక్కరి వాటా 60 మిల్లీలీటర్లు. స్కూటరు మీద ఒక్కరే వెళితే 240, ఇద్దరు వెళితే తలకు 120. కారులో ఒక్కరే వెళితే 800, నలుగురు వెళితే తలకు 200. వాయువు లెక్కన చెప్పాలంటే బస్సు ప్రయాణికుడి వాటా సుమారు 156 గ్రాములు, ఒంటరి స్కూటరువానిది 550 గ్రాములు, ఒంటరి కారువానిది 1 కిలో 840 గ్రాములు.

అన్నయ్య సంగతి మరీ విచిత్రం. తమ్ముణ్ణి బడి దగ్గర దింపి మళ్లీ ఇంటికి పోతాడు. రానూ పోనూ 24 కిలోమీటర్లు. ఒక్క పిల్లవాణ్ణి బడికి చేర్చడానికి 480 మిల్లీలీటర్ల పెట్రోలు! నిండు బస్సులో వాటాకు ఇది ఎనిమిది రెట్లు.

అయితే ఈ లెక్కకు రెండో ముఖం కూడా ఉంది. దాన్ని దాచడం సైన్సు అనిపించుకోదు. అదే బస్సులో అయిదుగురే ఉంటే తలవాటా ఎంత? 480 మిల్లీలీటర్లు. పదిమంది ఉంటే 240. అంటే పదిమంది ఉన్న బస్సు, ఒంటరి స్కూటరు నూనె లెక్కలో సమానమన్నమాట. పదికి తగ్గితే స్కూటరే నయం! బస్సు మంచిదా, చెడ్డదా అన్నది పొగ గొట్టాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం. కిటికీల్లోంచి లోపలికి చూసి తలలు కూడా లెక్కపెట్టాలి.

ఆగినప్పుడల్లా ఒక టీ గ్లాసు

ఇప్పుడు తొమ్మిదో తరగతిలో చదివిన గతిశక్తి సూత్రాన్ని గుర్తుచేసుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చించాలి. ప్రయాణికులతో కలిపి బస్సు 12 టన్నులు, అంటే 12,000 కిలోలు. వేగం గంటకు 40 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. గతిశక్తి 6,000ను 121తో హెచ్చించగా 7,26,000 జౌళ్లు.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఈ శక్తి అంతా ఏమైంది? శక్తి నశించదు కదా! బ్రేకు డ్రమ్ములు రాపిడితో వేడెక్కాయి, ఆ వేడి గాలిలో కలిసిపోయింది. మళ్లీ అదే వేగం అందుకోవాలంటే ఇంజను కొత్తగా నూనె కాల్చాలి. డీజిల్ ఇంజను నూనెలోని శక్తిలో నూటికి 30 పాళ్లు మాత్రమే చక్రాలకు అందిస్తుందనుకుంటే, 7,26,000 జౌళ్లకోసం సుమారు 24 లక్షల జౌళ్ల నూనె కావాలి. లీటరు డీజిల్‌లో 3 కోట్ల 60 లక్షల జౌళ్లున్నాయి. భాగించండి. లీటరులో పదిహేనో వంతు, సుమారు 67 మిల్లీలీటర్లు. మన వీధి చివర దుకాణంలో ఇచ్చే చిన్న టీ గ్లాసెడు!

బస్సు ఆగి కదిలిన ప్రతిసారీ ఒక టీ గ్లాసు డీజిల్ ఖర్చు. బస్టాపులో జనంకోసం ఆగితే ఆ ఖర్చుకు ఫలితం ఉంది. ఎవరో రోడ్డుకు అడ్డంగా కారు నిలిపినందుకు ఆగితే అది దండుగ. హనుమంతవాక లాంటి పెద్ద కూడలిలో బళ్ల వరుసలో ఇరుక్కొని నిలబడినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, నూనె తాగుతూనే ఉంటుంది.

అందుకే చాలా నగరాల్లో బస్సులకు విడిగా వరుస కేటాయిస్తారు. బ్రెజిల్ దేశపు కురిటిబా నగరం 1974లోనే ఈ పద్ధతి మొదలుపెట్టి ప్రపంచానికి దారి చూపింది. విశాఖలో కూడా పెందుర్తి వైపు, సింహాచలం వైపు రెండు మార్గాల్లో ఇలాంటి విడి వరుసలతో రోడ్లు వేశారు. ఆ వరుసలో ఇతర బళ్లు దూరకుండా ఉంటేనే ప్రయోజనం.

డ్రైవరు నేర్పు కూడా తక్కువది కాదు. ఆర్టీసీ డిపోల్లో “కె.ఎం.పి.ఎల్.” అనే మాట తరచు వినిపిస్తుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని దాని అర్థం. ముందున్న ఎర్రదీపాన్ని దూరంనుంచే చూసి మెల్లగా వేగం తగ్గించేవాడు, అవసరం లేనప్పుడు ఇంజను ఆపేవాడు అదే బస్సుతో ఎక్కువ దూరం నడపగలడు. టైర్లలో గాలి సరిగా ఉండడం, గాలి వడపోత శుభ్రంగా ఉండడం కూడా ఇందులో భాగమే.

మసిని గొట్టంలోనే పట్టడం

ఇక నల్లపొగ సంగతి. మసి రేణువులు ఎంత చిన్నవంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. అవి తిన్నగా ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. దీనికి తోడు ఇంజను లోపలి తీవ్రమైన వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నత్రజని ఆక్సైడులుగా మారతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి శత్రువులు.

విశాఖ వారికి ఇందులో మరో చిక్కు ఉంది. మన నగరానికి ఒకవైపు సింహాచలం కొండల వరుస, మరోవైపు యారాడ కొండ. చాలా భాగం గిన్నెలో కూర్చున్నట్లుంటుంది. శీతకాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దానిని ఆనుకొన్న గాలి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. దానిమీద వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. అప్పుడు ఓడరేవు ధూళి, కర్మాగారాల పొగ, బళ్ల పొగ పైకి పోలేక గిన్నెలోనే తిరుగుతాయి. సరిగ్గా అదే సమయానికి మీరు బడికి బయలుదేరుతారు.

దీనికి విరుగుడుగా 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజి 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గింది. ఈ ప్రమాణాల ప్రకారం తయారైన డీజిల్ బస్సు గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు అధిక వేడితో అక్కడే కాల్చేస్తారు. నత్రజని ఆక్సైడుల మీదకు యూరియా ద్రావణాన్ని చిమ్ముతారు. అవును, పొలంలో చల్లే యూరియాయే, కాకపోతే బాగా శుద్ధిచేసినది. వేడికి యూరియా నుంచి అమ్మోనియా పుట్టి, ఆ ఆక్సైడులను మామూలు నత్రజనిగానూ నీటి ఆవిరిగానూ మార్చేస్తుంది. ఆ సాయంత్రం మేము చూసిన పాత బస్సుకు ఈ ఏర్పాట్లు ఉండే అవకాశం లేదు. పాతవాటిని వేళకు మార్చడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

విద్యుత్ బస్సు: పొగ ఎక్కడికి పోయింది?

“అయితే అన్నీ కరెంటు బస్సులే పెట్టేస్తే సరిపోతుంది కదండీ!” అన్నాడు కుర్రవాడు.

2025 ఆగస్టులో మన బీచ్ రోడ్డులో ఆర్.కె. బీచి నుంచి తొట్లకొండ వరకు సందర్శకులకోసం రెండంతస్తుల విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. అంతకు ముందే, 2022 సెప్టెంబరులో తిరుమల కొండమీదికి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడపసాగింది. చైనాలోని షెన్‌జెన్ నగరమైతే 2017 చివరికే తన 16 వేల పైచిలుకు బస్సులన్నిటినీ విద్యుత్ బస్సులుగా మార్చేసింది.

విద్యుత్ బస్సుకు గొట్టం లేదు, మసి లేదు, రొద లేదు. పైగా ఒక గొప్ప సుగుణం ఉంది. బ్రేకు వేసినప్పుడు దాని మోటారే జనరేటరుగా మారి, గతిశక్తిలో కొంత భాగాన్ని తిరిగి విద్యుత్తుగా బ్యాటరీలోకి పంపుతుంది. టీ గ్లాసులో కొంత తిరిగి సీసాలో పోసుకోవడం లాంటిదన్నమాట. తిరుమల ఘాటు రోడ్డులో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. 12 టన్నుల బస్సు సుమారు 700 మీటర్ల ఎత్తునుంచి దిగితే దాని స్థితిశక్తిలో తగ్గుదల సుమారు 23 యూనిట్లు. డీజిల్ బస్సులో అదంతా బ్రేకుల వేడిగా, ఇంజను రాపిడిగా పోవలసిందే. విద్యుత్ బస్సు అందులో కొంత వెనక్కు రాబట్టుకొంటుంది.

మరి ఆ బ్యాటరీలోకి విద్యుత్తు ఎక్కడినుంచి వచ్చింది? విశాఖ దగ్గర పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి ఉష్ణ విద్యుత్కేంద్రం ఉంది. అక్కడ కాలేది బొగ్గు. మన దేశంలో ఇప్పటికీ విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గునుంచే వస్తోంది. ఒక్కొక్క యూనిట్ వెనుక సగటున 700 గ్రాముల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు ఉంటుంది.

లెక్క వేద్దాం. పెద్ద ఏసీ విద్యుత్ బస్సుకు కిలోమీటరుకు 1.2 యూనిట్లు కావాలనుకోండి. రుషికొండ వరకు 14.4 యూనిట్లు, సుమారు 10 కిలోల వాయువు. అంతే పెద్ద ఏసీ డీజిల్ బస్సు లీటరుకు 3 కిలోమీటర్లే ఇస్తే 4 లీటర్లు, సుమారు 10 కిలోల 400 గ్రాములు. తేడా బహు స్వల్పం! ఏసీ లేని మామూలు డీజిల్ బస్సుదైతే 6 కిలోల పైచిలుకే.

కుర్రవాడు నిరాశపడ్డాడు. మీరు పడకండి. మొదటి లాభం, పొగ జనం ముక్కుల దగ్గరనుంచి తొలగింది. విద్యుత్కేంద్రంలో బూడిదను పట్టడానికి పెద్ద యంత్రాలు, ఎత్తయిన పొగ గొట్టాలు ఉంటాయి. వేల బస్సుల వెనుక పరుగెత్తడం కంటే ఒకచోట పట్టడం తేలిక. రెండో లాభం ఇంకా పెద్దది. డీజిల్ బస్సు పదేళ్ల తరువాత కూడా లీటరుకు 2 కిలోల 600 గ్రాములు వదలవలసిందే. విద్యుత్ బస్సు అలా కాదు. దేశంలో సూర్యశక్తి, వాయుశక్తి పెరిగిన కొద్దీ, బస్సులో ఒక్క మర కూడా మార్చకుండానే, దాని వాటా తగ్గిపోతుంది.

దీనికి ఉదాహరణ కూడా పరవాడలోనే ఉంది. సింహాద్రి కేంద్రం జలాశయం నీటిమీద తేలే సౌరపలకలు అమర్చి, 2021లో 25 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించారు. మన ఎండకు ఒక మెగావాటు పలకలు రోజుకు సగటున 4 వేల యూనిట్లు ఇస్తాయనుకుంటే 25 మెగావాట్లకు లక్ష యూనిట్లు. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బస్సుకు 240 యూనిట్లు కావాలి. అంటే ఆ నీటిమీది పలకల శక్తి నాలుగు వందల బస్సులకు సరిపోయేంత! అయితే బ్యాటరీల తయారీకి గనులు తవ్వాలి, పాతబడ్డ బ్యాటరీలను జాగ్రత్తగా కరిగించి లోహాలు తిరిగి తీయాలి. ఏదీ ఉచితంగా రాదు సుమా!

ఖాళీ బస్సు కథ

ఇప్పుడు అసలు మాట. నలభై మందిలో పదిమంది స్కూటర్లు కొన్నారనుకోండి. రోడ్డు మీద పది బళ్లు పెరిగాయి. బస్సుకు అడ్డంకులు పెరిగాయి, టీ గ్లాసులు పెరిగాయి, ఆలస్యం పెరిగింది. ఆలస్యం చూసి మరో పదిమంది దిగిపోయారు. టిక్కెట్ల రాబడి తగ్గితే ట్రిప్పులు తగ్గుతాయి. బస్సుకోసం గంట నిలబడలేక మిగతావారూ దారి చూసుకుంటారు. చివరకు మిగిలేది ఎవరు? స్కూటరు కొనలేనివారు, నడపలేనివారు. చేపల గంపతో బజారుకు పోయే జాలరి అవ్వ, హోటలులో గిన్నెలు తోమి రాత్రి ఇంటికి పోయే అమ్మ, కళ్లు కనబడని తాతగారు, పదిహేనేళ్లు నిండని మీరు.

ఈ చక్రాన్ని వెనక్కు కూడా తిప్పవచ్చు. బస్సు ఎలాగూ నడుస్తోంది. మీరు ఒక్కరు ఎక్కినందువల్ల అది అదనంగా తాగే నూనె లెక్కకు అందనంత తక్కువ. కాని మీరు దిగి స్కూటరెక్కితే 240 మిల్లీలీటర్లు కొత్తగా ఖర్చు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవారికి ఆర్టీసీ మామూలు బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించారు. ఖాళీ సీటు నిండినప్పుడల్లా తలవాటా తగ్గుతుంది. బస్సు కిక్కిరిసిపోతే మాత్రం మరో బస్సు వేయాలి. లేకపోతే జనం మళ్లీ సొంత బళ్లకే పోతారు. శుభ్రమైన బస్సు, నిండిన బస్సు, వేళకు వచ్చే బస్సు, ఈ మూడూ కలిస్తేనే నగరపు గాలి బాగుపడుతుంది. మొదటిది, మూడోది పెద్దలు చూడవలసినవి. రెండోదానిలో మీకూ భాగం ఉంది.

ఇంతలో మేము ఎదురుచూస్తున్న బస్సు వచ్చింది. కుర్రవాడు కూడా ఎక్కాడు. ఎక్కగానే కూర్చోకుండా వెనుకనుంచి ముందుకు నడిచి తలలు లెక్కపెట్టాడు. “ఇరవై ఏడు, మనతో కలిపి,” అన్నాడు. ఆనాటి తలవాటా ఎంతో మీరు చెప్పండి.

మీరు చేసి చూడండి

1. రెండు తెల్లటి అట్టముక్కలకు పలుచగా వాజలీను రాయండి. ఒకటి రోడ్డువైపు కిటికీలో, ఇంకొకటి పెరటివైపు నీడలో మూడు రోజులు ఉంచండి. భూతద్దంతో పోల్చి ఎందులో నల్లరేణువులు ఎక్కువున్నాయో రాయండి.

2. పెద్దవారిని వెంట తీసుకొని, రోడ్డు మీదికి దిగకుండా, బస్టాపులో అరగంట కూర్చోండి. ఎన్ని బస్సులు, ఎన్ని స్కూటర్లు, ఎన్ని కార్లు పోయాయో, ఒక్కొక్కదానిలో ఎంతమంది ఉన్నారో పట్టిక వేయండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లెక్కపెడితే తేడా తెలుస్తుంది.

3. మీ ఇంటినుంచి బడి ఎంత దూరం? నడిచి, సైకిలు మీద, బస్సులో, స్కూటరు మీద వెళితే మీ తలవాటా నూనె రోజుకు ఎంత, 220 పనిదినాలకు ఎంత? ఈ లెక్కను మీ సైన్సు మాస్టారుకు చూపించండి. ఆ తరువాత ఇంట్లో అన్నయ్యకు కూడా చూపించండి.